అంచున పడ్డ ఊరు

రోముకు నాలుగు వారాలు.
ఆసియాకు ఆరు రోజులు,
అందులో ఒకటి మంచు సెలవు.

వెర్మాంట్‌లో ఫిబ్రవరి ఒట్టి చేతులతో పోదు,
అందుకని ఐదు అనే రాసుకుంటాను
పంతొమ్మిదేళ్లుగా, అదే పచ్చ కాగితం మీద.

సోమవారం గోడ.
మంగళవారం పట్టు, దాన్ని మోసిన ఒంటెలు.
బుధవారం గుర్రాల మీద మంగోలులు వస్తారు,
గంట కొట్టేలోపు వెళ్లిపోతారు.
గురువారం కాగితం కొంగలు.
శుక్రవారం మిగిలినవన్నీ.

'మిగిలినవన్నీ' అని నిజంగానే రాశాను,
నా చేత్తో, కింద గీత గీసి.
కొండను అద్దంలో చూపిస్తున్నానని తెలుసు.
ఆ అద్దం కూడా అరువుదే.

ఏడో తరగతి గది. వేడినీటి గొట్టం తన దగ్గు తాను దగ్గుతుంటుంది.
బోర్డు పక్కన పటం, నేను రాకముందు నుంచీ ఉన్నది:
నడిమధ్య అమెరికా పీట వేసుకుని కూర్చుంది,
చెరోవైపు సముద్రాలు విసనకర్రలు పట్టుకున్నాయి.
ఆసియాను నిలువునా కోసి
సగం ఈ చివరకు, సగం ఆ చివరకు నెట్టారు.
ఇన్నేళ్లు దాని ముందు నిలబడే పాఠం చెప్పాను.
కోత కనబడలేదు.

పబిత్ర గజ్మేర్‌కు కనబడింది.
మూడో వరుస, మాట తక్కువ, చేతులెప్పుడూ స్వెటర్ లోపలే.
మిగిలినవన్నీ నడుస్తుండగా లేచి
కుడి అంచు దాకా వేలితో వెతుక్కుంటూ పోయింది,
ఆగి, ఎడమ అంచుకు వచ్చింది.
"మిస్ లారివీ, మా తాత ఊరు
చెక్కపట్టీ కింద ఉంది."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వబోయాను.
పట్టీ కింద గోరు దూర్చి చూస్తే
'భూ' ఆ చివర,
'టాన్' ఈ చివర.

సోమవారం ఆ తాత వచ్చాడు.
ఆసియా గడువు అప్పటికే తీరింది,
పచ్చ కాగితం ఫ్రాన్సు విప్లవం అంటోంది.
నందలాల్ గజ్మేర్, రాత్రిళ్లు హోటల్ దుప్పట్లు ఉతికే మనిషి,
కోటు జేబుల్లో రెండు కమలాపళ్లు.
మాట ఆయనది, అనువాదం మనవరాలిది,
మధ్యలో ఇద్దరి పేచీ:
అంత పెద్ద తోటేం కాదని ఆయన,
పెద్దదే అన్నావుగా అని ఈ పిల్ల.
చివరికి నూట ఆరు చెట్లని లెక్క తేలింది.

ఒక చలికాలం సైనికులొచ్చారు.
ఇష్టపడే పోతున్నానని కాగితం మీద వేలిముద్ర వేయమన్నారు,
నవ్వుతూ ఫొటో దిగమన్నారు.
ఆ తర్వాత నది అవతల, వెదురు గుడిసెలో, పద్దెనిమిదేళ్లు.
తేదీ అడిగాను. టీచర్ని కదా.
తేదీ గుర్తులేదు,
కాయ కోతకొచ్చింది, కోయలేదు, అన్నాడు.

పండు ఒలిచాడు, తొక్క తెగకుండా, ఒకే పాయగా.
బల్ల మీద పరిచి అరచేత్తో అదిమాడు.
ఎంత అదిమినా పడుకోదు,
ఎక్కడో ఒకచోట చిట్లుతుంది.
ఎప్పుడూ కిటికీలోంచి చూసే డెస్మండ్ కీఫ్
ఈసారి బల్ల మీదికి వంగాడు:
"అంటే ఏ పటమైనా ఎక్కడో చిరగాల్సిందే కదా మిస్,
వీళ్ల ఇంటి మీదే ఎందుకు చింపారు?"

జవాబుల పుస్తకం నా సొరుగులోనే ఉంది.
తీయలేదు.

సాయంత్రం పటాన్ని మేకుల నుంచి దింపి
పట్టీలు ఊడదీసి, అంచుకు అంచు తెచ్చి టేపు వేశాను.
సరిగా అతకలేదు. హిమాలయాలు వేలెడు కిందికి జారాయి.
ఇప్పుడది నా బల్ల పక్కన పొయ్యిగొట్టంలా నిలబడింది,
చూడాలంటే చుట్టూ తిరగాలి.
తొక్క వాసన వారం దాకా పోలేదు.

మే నెల పరీక్షలో ఆసియాకు ఒకే ప్రశ్న వచ్చింది:
గోడ ఎందుకు కట్టారు?
పబిత్ర రెండు వాక్యాలు రాసి
కింది ఖాళీలో చెట్లు గీసింది, గుండ్రంగా, చిన్నవి.
దిద్దుతూ దిద్దుతూ లెక్కపెట్టాను.
నూట నాలుగు.
రెండింటికి చోటు చాలలేదు.